బొంబాయి సర్వరూ కామమ్మ బండా

దీవుల్లోని గోల్ ఘర్ బజారులో జిరాక్సు షాపు షట్టరు ఎత్తగానే సంతోషకుమారి చేసే మొదటి పని, సముద్రం ఒడ్డున బ్రూక్షాబాద్‌లో ఉండే కామమ్మకు ఫోన్ చెయ్యడం.

"పిన్నీ, బండెలా ఉంది?"

"సల్లగుందమ్మా. సేపలారబెడతన్నాను."

ఆ మాట విన్నాక సంతోషకుమారి నిశ్చింతగా టీ తెప్పించుకునేది. సర్వర్ ఉండేది బొంబాయిలో. దాని వేడి తేలేది మాత్రం కామమ్మ పెరట్లో, చేపలారబెట్టే నల్లబండ మీద. ఎందుకని ఎవరూ అడగలేదు. బండ వెచ్చబడితే సర్వర్‌కు పని ఎక్కువైనట్టు, చెయ్యి పెట్టలేనంత కాలితే పడిపోయినట్టు. సర్వర్ పడిపోతే కబురు చెప్పే కంపెనీలు లేకపోలేదు, కానీ వాటికి నెలనెలా కట్టుకోవాలి. కామమ్మకైతే క్రిస్మస్‌కి కేకు పంపితే సరిపోయేది.

సర్వర్ అన్నానని మరీ పెద్దగా ఊహించుకోకండి. ఎవరిదో పెద్ద యంత్రంలో ఒక మూల వాటా అద్దెకు తీసుకోవడమే. అందులోనూ అన్నిటికన్నా చవక వాటా. నలుగురు చుట్టాలు ఒకేసారి దిగితే కూర్చోబెట్టడానికి చోటుండదు. దాంట్లోనే సంతోషకుమారి తెలుగు పడవలవాళ్ల కోసం ఒక పేజీ నడిపేది. వేటకెళ్లేవాళ్లు 'బయల్దేరాం' అని నొక్కుతారు. తిరిగొచ్చాక 'చేరాం' అని నొక్కుతారు. ఆపదొస్తే 'ఇక్కడున్నాం' అని నొక్కితే పడవ ఉన్న చోటు పేజీలో పడుతుంది. ఖర్చు కొంత చర్చి, కొంత పడవల సంఘం వేసుకునేవి. ఆ పేజీ చూశాకే చాలా ఇళ్లలో అన్నం వార్చేవారు.

సముద్రం అడుగున కేబుల్ ఇంకా పడని రోజులవి. నెట్ ఉపగ్రహం దయ మీద నడిచేది. దాంతో దీవుల్లో అందరికీ ఒక అలవాటైపోయింది. ఒకసారి నొక్కితే పోదు, మళ్లీ నొక్కాలి, ఇంకా గట్టిగా నొక్కాలి. ఆ నొక్కులన్నీ బొంబాయి చేరి, ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడతాయని సంతోషకుమారి ఎన్నిసార్లు చెప్పినా అందరూ తలూపి, మళ్లీ నొక్కేవారు.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు లక్ష్ముడి పడవ తిరిగి రాలేదు. లక్ష్ముడు కామమ్మ భర్త. అప్పలరాముణ్ని తోడు తీసుకుని దక్షిణం వైపు వేటకెళ్లాడు. రాత్రి గాలి రేగింది. పొద్దున్నే రావాల్సిన మనుషులు మధ్యాహ్నం దాటినా రాలేదు. వాళ్లను వెతకడానికి పోర్టువాళ్లు పంపిన ఓడ కూడా దక్షిణానికే పోయింది.

కబురు పాకగానే తెలుగువాళ్లంతా ఫోన్లు పట్టుకున్నారు. లక్ష్ముడి పేరు పక్కన ఏమైనా పడిందేమోనని నొక్కడం మొదలుపెట్టారు. ప్రేమకొద్దీ నొక్కారు, భయంకొద్దీ నొక్కారు. సర్వర్ కుప్పకూలింది.

సంతోషకుమారి షాపులో కూర్చుని దాన్ని లేపడానికి నానా తంటాలూ పడింది. ఆమె టైపు చేసిన అక్షరం తెరమీద కనబడడానికే ఒక గుక్క టీ తాగేంత సేపు పట్టేది. డిస్కు నిండా పేరుకున్న పాత చెత్త తుడిచింది. మెమరీ చాలడం లేదని, డిస్కులో ఖాళీ అయిన చోటు దానికి సర్దింది. సర్వర్ లేచి నిలబడేది. గుమ్మంలో కాచుకున్న జనమంతా ఒక్కసారి మీదపడేవారు. మళ్లీ కూలేది.

అప్పుడు కామమ్మ ఫోన్ చేసింది. "బండ కాలిపోతంది. నువ్వొకపాలి రాయే అమ్మా."

షట్టరు దించి, లాప్‌టాప్ చంకన పెట్టుకుని, ఆటో ఎక్కి సంతోషకుమారి బ్రూక్షాబాద్ చేరింది. సన్నగా తుప్పర పడుతోంది. చినుకు పడ్డచోటల్లా బండ చుయ్‌మంటోంది. కామమ్మ తడి గోనె పరిచి, దానిమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"చెయ్యి తీసెయ్ పిన్నీ, బొబ్బలెక్కుతాయి."

"ఉండమ్మా. ఫోన్లు నొక్కతన్న మనోళ్ల సేతేళ్లన్నీ తగలతన్నాయి. అందులో ఒకటి తడిగా ఉంది." కామమ్మ అరచేతిని నాలుకకు తాకించుకుంది. "ఉప్పగుంది. ఆ మడిసిదే. ఎక్కడో ఉండి నొక్కతన్నాడు. నోపలికి రానేకపోతన్నాడు."

సంతోషకుమారి అనుమానించలేదు. ఆమె బెంగల్లా ఆ ఒక్క నొక్కును లోపలికి ఎలా రానివ్వాలని. మిగతావాళ్లను ఆపుదామంటే అందరి ఫోన్లూ ఒకే కంపెనీ ద్వారంలోంచి వస్తాయి. లక్ష్ముడూ, పక్కింటి యర్రమ్మా సర్వర్ కంటికి ఒక్కలాగే ఉంటారు. పెద్ద వాటాకు మారదామంటే డబ్బు కట్టే పేజీయే తెరుచుకోవడం లేదు.

"ఏం చెయ్యాలో తెలియట్లేదు పిన్నీ," అంది.

కామమ్మ గోనె మీద ఇన్ని నీళ్లు చల్లింది. తర్వాత అంది, "దెబ్బతిన్న పడవొత్తే జెట్టీకాడ ఏటి సేత్తాం? ముందలున్న పడవలన్నీ పక్కకి లాగీసి దారిత్తాం కదా. అలాగే సెప్పు మనోళ్లకి."

సంతోషకుమారి వెంటనే పాస్టరు కృపానందంగారికి ఫోన్ కలిపింది.

"ప్రార్థనలో ఉన్నామమ్మా. అందరూ ఇక్కడే ఉన్నారు," అన్నాడాయన.

"ప్రార్థన ఆపకండి అయ్యగారూ. ఫోన్లు మాత్రం కింద పెట్టించండి. ఎవరూ పేజీ ముట్టుకోకూడదు. లక్ష్ముడు బాబాయికి దారివ్వాలి."

చర్చి మైకులో ఆ మాట వినిపించింది. జెట్టీ మీద పడవల సంఘం నూకన్న "ఫోన్ బంద్ కరో భయ్యా, దారియ్యండి" అంటూ ఒక కొస నుంచి ఇంకో కొసకు అరుచుకుంటూ పోయాడు. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పినంత సులువుగా లేదు. ఆపదలో ఉన్న మనిషి కోసం చెయ్యగలిగింది ఆ నొక్కడం ఒక్కటే అయినప్పుడు, దాన్నీ మానుకుని కూర్చోవడం గుండె కోతే. యర్రమ్మ తన ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించి, దాని మీద కూర్చుంది.

బండ మెల్లగా చల్లబడింది. చినుకులు చప్పుడు మానేశాయి.

"ఇంకొక ఏలుంది," అంది కామమ్మ కళ్లు మూసుకునే. "గోల్ ఘర్ కాడ. మొండిగా నొక్కతంది. మీ యమ్మనాగుంది."

సంతోషకుమారి తన తల్లి మేరమ్మకు ఫోన్ చేసింది. "అమ్మా, నువ్వు నొక్కుతున్నావా?"

"ప్రార్థన చేస్తూ నొక్కుతున్నానే."

"ప్రార్థన చెయ్యి. నొక్కకు."

మేరమ్మ చిన్నబుచ్చుకుంది గానీ ఆపింది. సంతోషకుమారి చివరిసారి సర్వర్‌ను లేపింది. ఈసారి గుమ్మంలో ఎవరూ లేరు. కామమ్మ గోనె తీసేసి వట్టి బండ మీద చెయ్యి పెట్టింది.

"ఒచ్చింది," అంది.

లాప్‌టాప్ తెరమీద లక్ష్ముడి పేరు పక్కన 'ఇక్కడున్నాం' అని పడింది. దక్షిణాన కాదు. ఎక్కడో ఉత్తరాన, రంగత్ తీరానికి ఎదురుగా. సంతోషకుమారి పోర్టు ఆఫీసుకు ఫోన్ చేసి చోటు చెప్పింది. ఓడ వెనక్కి తిరిగింది.

మర్నాడు జెట్టీ నిండా జనమే. అప్పలరాముణ్ని పట్టుకుని దింపారు. లక్ష్ముడు తనంతట తనే దిగి, పెదాలకు ఉప్పు పొక్కులతో కామమ్మ ముందు నిలబడ్డాడు.

"ఇంజిను సచ్చిపోనాది, ఒలే. నీటి ఊపుకి ఉత్తరానికి కొట్టుకుపోనాం. నొక్కతన్నాను, పోదు. సార్జింగు అయిపోడానికొచ్చీసింది. ఇంక పోదులే అనుకుని ఆకరిపాలి నొక్కినాను. ఎవులో దారిచ్చినట్టు సాఫీగా ఎలిపోనాది. ఎవులే ఇచ్చినారు?"

కామమ్మ ఎవరి పేరని చెబుతుంది? అతని భుజం పట్టుకుని జనం వైపు తిప్పింది.

లక్ష్ముడు చేతులు జోడించాడు. ఎవరూ మిగిలిపోకుండా మెల్లగా చుట్టూ తిరిగాడు. కృపానందంగారు, మేరమ్మ, నూకన్న, యర్రమ్మ, పేరు తెలియని ఇంకెందరో. యర్రమ్మ మొహమాటపడిపోయి, "మేమేటి సేసినాం బాబూ, ఏటీ సెయ్యనేదు," అంది.

నిజమే, వాళ్లేమీ చెయ్యలేదు. అందుకే ఆ మనిషి ఏడుస్తూ ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు.