రంగు పోని మిషన్

ఫ్యాక్టరీ వాళ్ళు శిక్షణ పాఠశాలకి ఇనుము చెక్కే లేత్ మిషన్ ఇచ్చిన రోజున దిగిన ఫొటోలో మిషన్ కంటే ప్రిన్సిపాల్ పళ్ళే ఎక్కువ మెరిశాయి. ఆ సాయంత్రమే ఆయన దానికి ముసుగు తొడిగించి, ఎవరైనా ముట్టుకుంటే రంగు పోతుందని హుకుం జారీ చేశాడు. పరిశ్రమతో చేతులు కలపడమంటే ఆ మహానుభావుడికి అర్థమైంది అంతే.

ఇక పిల్లలు నేర్చుకున్నదంతా గాల్లోనే. మాస్టారు చక్రం తిప్పమంటే ముసుగు ముందు వరసగా నిలబడి వట్టి చేతులు తిప్పేవాళ్ళు. నోరెత్తితే తన ఉద్యోగానికి ఎసరు పెడతారని మాస్టారి భయం. అలా తిప్పడంలో అందరూ పొడుగుపిల్ల అని పిలిచే అమ్మాయిది అందె వేసిన చెయ్యి. ఆమెకి సిగ్గేసేది, అయినా తిప్పేది. పిన్ని పంచన బతుకుతోంది, అక్కడ ప్రతి ముద్ద వెనకా ఓ దెప్పు. ఫ్యాక్టరీలో పని దొరికితే వాళ్ళ హాస్టల్లో ఓ మంచం దొరుకుతుంది, తన తిండి తను తినొచ్చు. ఆమెకి కావలసిందల్లా అదే.

ఒక్కరిని పనిలోకి తీసుకుంటామంటూ ఓ రోజు ఫ్యాక్టరీ మేనేజరు వచ్చాడు. ప్రిన్సిపాల్ పొడుగుపిల్లని ముందుకు తోసి, ఈ మిషన్ మీదే ఆరితేరిందని జంకూ గొంకూ లేకుండా కోతలు కోశాడు. ముసుగు తీశారు. ఆమె ఇనుప కడ్డీ బిగించి స్విచ్చి నొక్కింది. చడీ చప్పుడూ లేదు. వెనక మూత తీసి చూస్తే మోటారు ఉండాల్సిన చోట సాలెగూడు ఉంది.

మోటారు తమకే అవసరం పడి ఇచ్చేముందే ఊడదీసుకున్నామని, తర్వాత పంపుదామనుకుని మరిచిపోయామని మేనేజరు గొణిగాడు. ప్రిన్సిపాల్ పైకప్పు కేసి చూశాడు. ఇచ్చినవాడు డొల్ల ఇచ్చాడు, పుచ్చుకున్నవాడు కనీసం మూత తీసి చూడలేదు. ఇద్దరి మీదా ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"తప్పు మీదే కదా సార్. మరి నాకు పనిస్తారా?" అని అడిగింది.

"మిషన్ నడిపిన అనుభవం లేనివాళ్ళని మేం తీసుకోమమ్మా," అన్నాడు మేనేజరు, తనేదో నష్టపోయినట్టు మొహం పెట్టి.

ఆమెకి రాత్రికి మళ్ళీ పిన్ని గడపే. ఈలోగా ప్రిన్సిపాల్ తేరుకున్నాడు. అంత పెద్దమనిషి వచ్చి ఓ ఫొటో అయినా దిగకుండా పోకూడదుగా. ఇద్దరూ మిషన్‌కి చెరోవైపు చేరి జుట్టు సవరించుకున్నారు. చక్రం మీద చెయ్యేసి, నడుపుతున్నట్టు మధ్యలో నిలబడమని ఆమెని పిలిచారు.

పొడుగుపిల్ల చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నేను ముట్టుకోను సార్," అంది. "రంగు పోతుంది."