హన్నమ్మక్క ఎడమ చెవి

నా పేరు యాకూబ్. నరసరావుపేటలో సౌండ్ సిస్టం షాపు నాది. కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభల మీద మైకు నాదే, దర్గా ఉరుసుకు నాదే, క్రైస్తవుల ఉజ్జీవ సభలకూ నాదే. దేవుళ్ళతో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా పాడేవాళ్ళతో. “పెంచు భాయ్, పెంచు” అనడం తప్ప వాళ్ళకు ఇంకో మాట రాదు. వాళ్ళ గొంతు వాళ్ళకు వినపడటానికి కాళ్ళ దగ్గర మానిటర్ బాక్సు పెడతాం. దాన్ని పెంచితే ఆ మోత మళ్ళీ మైకులోకి దూరి కుయ్యిమని కూస్తుంది. అప్పుడు సభలో వెయ్యిమంది ఉంటే వెయ్యిమందీ తల తిప్పి నన్నే చూస్తారు. పెంచమన్నవాణ్ణి ఒక్కడూ చూడడు.

అందుకే చెవుల్లో పెట్టుకునే మానిటర్లు పాటలవాళ్ళ ప్రభు తెప్పించాడని విన్నప్పుడు లోపల సంతోషించాను. పైకి మాత్రం, “ఈ ఆన్‌లైన్ బొమ్మలు ఎన్నాళ్ళుంటయ్యిలే” అన్నాను. అదీ నా గుణం.

ప్రభు కీబోర్డు వాయిస్తాడు. వాళ్ళ నాన్న ఏసోబు పెట్టిన పాటల బృందాన్ని ఆయన పోయాక ఇతనే నడుపుతున్నాడు. పెద్ద కంపెనీ సెట్టయితే పాడిగేదె ఖరీదు. ఇతను తెప్పించింది పొట్టేలు ఖరీదు. నా మిక్సర్ దగ్గర ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టాలి. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ నడుముకు చిన్న ప్యాకు తగిలించుకుని, దాని తీగ చివర ఉన్న బిరడాలు రెండు చెవుల్లోనూ పెట్టుకోవాలి. నేను పంపింది వాళ్ళ చెవుల్లో మోగుతుంది, బయట బాక్సు ఉండదు, కూత ఉండదు. వచ్చినవి ఆరు ప్యాకులు, ట్రాన్స్‌మిటర్ మాత్రం ఒక్కటే. మనిషికో రకంగా పంపాలంటే మనిషికో ట్రాన్స్‌మిటర్ కొనాలి.

“నేను పంపేది ఒక్కటే, ఆరుగురూ వినేది అదే. తర్వాత నన్ను అడగొద్దు” అని రిహార్సల్‌లో అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. నా తెలివి చూపించాలిగా. కీబోర్డు, డ్రమ్ముల ప్యాడ్లు కుడి చెవిలోకి, పాటలు ఎడమ చెవిలోకి పంపాను. రెండూ కలగాపులగం కాకుండా విడివిడిగా వినపడతాయి. ప్యాడ్లు వాయించే శౌరి అయితే “అబ్బ, ఏం పెట్టావు భాయ్!” అని ఎగిరాడు. నేను మీసం దువ్వుకున్నాను.

ఒక్క హన్నమ్మక్కకే కుదరలేదు.

హన్నమ్మక్క ప్రభుకు మేనత్త. ఏసోబు బృందం పెట్టిన రోజు నుంచీ ముందు మైకు ఆమెదే, ముప్పై ఏళ్ళు. మాచర్ల నుంచి ముప్పాళ్ళ దాకా ఏ ఊళ్ళో సభలు పెట్టినా తేదీ అడగడానికి ముందు “హన్నమ్మ వస్తదా?” అని అడుగుతారు. అలాంటి మనిషి ఆ రోజు రిహార్సల్‌లో శ్రుతి తప్పింది. ఒకసారి పైకి పోయింది, ఒకసారి కిందికి జారింది, తర్వాత అరిచింది. పక్కన వంతపాడే చిన్నారి, డిగ్రీ చదివే పిల్ల, నేల చూపులు చూసింది.

టీ తాగేటప్పుడు ప్రభు నన్ను పక్కకు పిలిచాడు.

“అత్త పని అయిపోయింది భాయ్. యాభై ఆరొచ్చినయ్యి. ముప్పాళ్ళ సభలు చూస్తా. అక్కడా ఇట్టాగే ఉంటే ముందు మైకు చిన్నారికి ఇచ్చి అత్తని వెనక వంతలో నిలబెడతా.”

“ఆమెకు చెప్పావా?”

“చెప్పా. చెప్పకుండా ఎట్టా?”

“ఏమంది?”

“ఏమనలా. సరేరా అంది.”

ముప్పాళ్ళ సభలు మూడు రోజులు. మొదటి రోజు పొద్దున పది గంటలకు కూటం మొదలైంది. మిరపకోతలు ముగిసిన రోజులు, జనం బాగా వచ్చారు. మొదటి పాట హన్నమ్మక్క ఎలా పాడిందో చెప్పడం నాకిష్టం లేదు. ముందు వరసలో ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్రభు తల ఎత్తలేదు.

రెండో పాటకు ముందు ఆమె వెనక్కి తిరిగి, కొంగు సర్దుకుంటున్నట్టుగా, ఎడమ చెవిలో బిరడా తీసి కుడి చెవిలో పెట్టుకుంది. కుడి చెవిదాన్ని ఎడమలో పెట్టుకుంది. తర్వాత ముందుకు తిరిగి గొంతెత్తింది. అదీ హన్నమ్మక్కంటే! శ్రుతి వెంట్రుకవాసి తప్పలేదు. ముందు వరసలు చప్పట్లు అందుకున్నాయి.

నేను మిక్సర్ దగ్గర నోరు తెరిచి చూస్తున్నాను. పాటలు వచ్చే బిరడా కుడి చెవిలోకి మారగానే పాట కుదిరింది. అంటే ఎడమ చెవిలో మోగిందేదీ ఆమెకు అందడం లేదు. నేను తెలివి చూపించి ఆమె గొంతును తీసుకెళ్ళి చచ్చిన చెవిలో పోశాను. వారం రోజులుగా “ముసలిదైపోయింది” అని అందరం అనుకున్నది నా పనితనాన్నే.

వెంటనే కుడికీ ఎడమకూ పంచే నాబులన్నీ మధ్యకు తిప్పేశాను. ఇప్పుడు ఏ చెవిలోనైనా అన్నీ వినపడతాయి. అక్కడితో ఊరుకుంటే ఈ కథ లేదు. నా టేబుల్ మీద టాక్‌బ్యాక్ మైకు ఉంది. దాన్ని నొక్కి మాట్లాడితే బయటికి రాదు, చెవుల్లోకే వెళుతుంది. ‘చివరి చరణం’, ‘టైమయింది’ లాంటివి చెప్పడానికి పెట్టుకున్నాను. గబుక్కున నొక్కాను.

“అక్కా, ఎడం చెవి వినపడట్లేదా ఏంది నీకు? ముందే చెప్తే సరిచేసేవాణ్ణి గదా! ఇంతకాలం దాచిపెట్టావే!”

ఎదురుగా ఆమె ఒక్కతే కనపడుతోంది, ఆమె ఒక్కతే వింటోందనుకున్నాను. ఒక ట్రాన్స్‌మిటర్, ఆరు ప్యాకులు అని పాఠం చెప్పినవాణ్ణి నేనే. శౌరి చెయ్యి గాల్లో ఆగింది. చిన్నారి గొంతు మూగబోయింది. ప్రభు చప్పున తలెత్తి మేనత్తను చూశాడు. ఎదురుగా ఉన్న వెయ్యిమందికి ఏమీ తెలియదు. హన్నమ్మక్క మాత్రం ఆపకుండా చరణం పూర్తిచేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను ఆ నోటిని ఆరుగురి చెవుల్లో జార్చాను.

పాట అయ్యాక ఒకతను బైబిలు వాక్యం చదువుతుంటే ఆమె మెట్లు దిగి తిన్నగా నా టేబుల్ దగ్గరకొచ్చింది.

“ఒరేయ్ యాకూబూ, నీ నోట్లో నువ్వుగింజ నానదా?”

“తప్పయింది అక్కా. నీ ఒక్కదానికే అనుకున్నా.”

“మూడేళ్ళు దాచుకున్నా రా. మా ఇంట్లోవాళ్ళకే తెలవదు.”

“చెవి వినపడకపోతే దాచేదేముందక్కా? డాక్టరుకు చూపించుకోక.”

“చూపించా. గుంటూరులో. నరం పోయింది, రాదన్నారు.” గొంతు తగ్గించింది. “నీకు మా సంగతి తెలవదు. తెలిస్తే పాస్టరు అయ్యగారు స్టేజి మీదకి పిలిచి ప్రార్థన చేస్తాడు. మంచికే చేస్తాడు. చేసినాక ‘వచ్చింది’ అని సాక్ష్యం చెప్పాల. రాలేదంటే, దీనికి విశ్వాసం చాల్లేదు అంటారు. విశ్వాసం చాలనిదాన్ని మైకు ముందర నిలబెడతారా? పోనీ, వచ్చిందని అబద్ధం చెప్పి, మళ్ళా అదే నోటితో దేవుడి పాట ఎట్టా పాడేది?”

ఆమె భుజం మీదుగా స్టేజి వైపు చూశాను. ప్రభు అయ్యగారి చెవి దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. పాపం, అతనూ మంచికే చెబుతున్నాడు.

“అయ్యగారు పిలుస్తన్నారు పో” అన్నాను.

“చూశా” అంది హన్నమ్మక్క వెనక్కి తిరిగి. చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళింది.

అయ్యగారు ఆమెను స్టేజి మధ్య నిలబెట్టారు. ముప్పై ఏళ్ళు మన ఊళ్ళల్లో దేవుణ్ణి స్తుతించిన చెల్లెలికి ఒక చెవి మూసుకుపోయిందని, ఇవాళ తెరుచుకుంటుందని చెప్పారు. సభంతా లేచి నిలబడింది. ఎడమ బిరడా తీయించి ఆ చెవి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన చెమటలు కక్కుతూ, గొంతు బొంగురుపోయేదాకా చేశారు. ఆ ప్రార్థనలో నాటకం ఏమీ లేదు, అది నేను ఒట్టేసి చెబుతాను. తర్వాత నావైపు చూసి సౌండు ఆపమని సైగ చేశారు.

స్పీకర్లు ఆపాను. ఆయన ఒక అరచేత్తో ఆమె కుడి చెవి గట్టిగా మూసి, ఎడమ చెవి దగ్గరకు వంగారు. అందులో ఒక మాట గుసగుసగా చెబుతారు. ఆమె దాన్ని పైకి చెప్పాలి. అదీ పరీక్ష.

ఆయన చెయ్యి మూసిన కుడి చెవిలో నా బిరడా ఉంది. ఆయన చెంపకు మైకు అంటుకుని ఉంది. ఎప్పుడూ ఆయన మైకును పాటలవాళ్ళ చెవుల్లోకి ఇవ్వను, ప్రసంగం చెవిలో మోగితే శౌరి కునుకు తీస్తాడు. స్పీకర్లకు వెళ్ళే దారి వేరు, చెవుల్లోకి వెళ్ళే దారి వేరు. ఒక్క నాబు తిప్పితే చాలు. ఆమె మాట పైకి చెబుతుంది, సభ ఉప్పొంగుతుంది, ముందు మైకు బతికున్నంతకాలం ఆమెదే. చేసిన తప్పు దిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా?

తిప్పాను.

“బెత్లెహేము” అన్నారు అయ్యగారు గుసగుసగా. నా హెడ్‌ఫోన్లలోనూ వినపడింది.

హన్నమ్మక్క కనురెప్పలు అదిరాయి. తలెత్తి, అంతమంది మీదుగా నన్ను చూసింది. వినపడిందని నాకు తెలుసు. వెనకాల శౌరి, చిన్నారి, ప్రభు కూడా నన్నే చూస్తున్నారు. వాళ్ళకూ వినపడింది. మళ్ళీ అదే తప్పు చేశాను. కానీ ఈసారి ప్రభు మెల్లిగా తలూపాడు. చెప్పెయ్యి అత్తా అన్నట్టు.

“ఏం విన్నావమ్మా?” అన్నారు అయ్యగారు.

ఆమె ఆయన చెయ్యి పక్కకు తీసి, కుడి చెవిలో బిరడా ఊడబెరికింది.

“వినపడలేదయ్యగారూ.”

ముందు వరసల దాకే చేరింది ఆ మాట. ఆమె నావైపు తిరిగింది. “యాకూబూ, సౌండియ్యి.”

ఇచ్చాను.

“నాకు ఎడం చెవి వినపడదు” అంది మైకులో. “మూడేళ్ళయింది. ఇప్పుడూ వినపడలేదు. అయ్యగారి ప్రార్థనలో లోపం లేదు. నాలో ఉందో లేదో దేవుడికి తెలుసు. ఒక చెవి ఉంది, గొంతుంది. పాడమంటే పాడతా. వద్దంటే దిగి మీలో కూర్చుంటా.”

ముందు వరసలో ఎవరో ఆడమనిషి “అయ్యో, విశ్వాసం చాల్లేదు” అంది. ఆమె భయపడ్డ మాట అదే, అచ్చంగా అదే. నాకు వెళ్ళి ఆ మనిషి నోరు నొక్కాలనిపించింది. అయ్యగారు “పాడమ్మా” అని కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకున్నారు.

చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా పాడింది. కీబోర్డుకు అర స్వరం పైన ఎత్తుకుంది, శ్రుతి కలవలేదు. రెండు మాటలు గడిచాయి. అప్పుడు ప్రభు తన బిరడాలు తీసి మెడలో వేసుకుని, కీబోర్డు మీద ఏదో బటన్ నొక్కి, ఆమె ఎక్కడుందో అక్కడికి తన శ్రుతిని తెచ్చుకున్నాడు. పాట కుదురుకుంది. నేను ఏడ్చాను. యాభై దాటినవాణ్ణి, సభలో కూర్చుని ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

పాట అయిపోయేసరికి మగవాళ్ళ వైపు స్పీకరు పక్క నుంచి పంచె కట్టుకున్న ఒక ముసలాయన లేచాడు. కర్ర పొడుచుకుంటూ స్టేజి కిందికి వచ్చాడు. అందరూ కూర్చోమంటున్నా ఆయన పట్టించుకోలేదు. తల పైకెత్తి, పొలంలో అవతలి గట్టు మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు అరిచాడు.

“అమ్మా! నాకూ రాలేదమ్మా! పోయినేడు ఇక్కడే వచ్చిందని చెప్పా! రాలా!”

హన్నమ్మక్క మైకు వదలకుండా స్టేజి అంచున గొంతుక్కూర్చుంది.

“ఏ చెవి పెదనాన్నా?”

ఆయనకు వినపడలేదు. చెయ్యి చెవి వెనక పెట్టుకుని “ఆఁ?” అన్నాడు.

అయ్యగారు తల తిప్పి నావైపు చూశారు. సౌండు ఆపమన్నట్టో కాదో నాకు తెలియదు, అడగలేదు. ఆమె మైకు అలాగే ఉంచాను.

“ఏ చెవి?” అని ఆమె మైకులో గట్టిగా అడిగింది.

“రెండూనమ్మా!” అన్నాడు.