యాప్‌కు పది మార్కులు

రోగి పక్కనే నిలబడి ఏ మందు ఇవ్వాలో డాక్టర్లు చూసుకునే యాప్‌లు రెండు వచ్చాయి పుత్తూరులోని ఆ ప్రైవేటు ఆసుపత్రికి. ఏది నెగ్గితే అది ఆసుపత్రికీ, దాని కింద పల్లెల్లో నడిచే క్లినిక్కులకూ. ఆ క్లినిక్కుల్లో డాక్టరు ఉండడు, నర్సమ్మే అన్నీ. తేల్చే పని పెద్ద డాక్టరు ధనంజయ నెత్తిన వేసుకున్నాడు. ప్రశ్న కొట్టడం, ఏది ముందు చెబితే దానికి పది మార్కులు వేయడం. అంతే ఆయన పరీక్ష. చెప్పింది సరైనదేనా అన్న ఊసే లేదు. ఆ తంతు చూస్తుంటే డ్యూటీ డాక్టరు నందినికి ఒళ్ళు మండింది.

ఆ రోజు ప్రశ్నకు రోగే దొరికింది. శనక్కాయ చేలో తేలు కుట్టి వచ్చిన మునిరత్నమ్మ. ధనంజయ ఆమె మొహమైనా చూడకుండా రెండు ఫోన్లలోనూ 'తేలు కుట్టింది' అని కొట్టాడు.

మొదటిది రెప్పపాటులో చెప్పేసింది, నొప్పి మాత్ర ఇచ్చి ఇంటికి పంపమని. రెండోది ఎదురు ప్రశ్నలు వేసింది. ఏ ప్రాంతం? చెమటలు పడుతున్నాయా? చేతులు చల్లబడ్డాయా?

“ఇది మనల్నే అడగతా ఉండాదే. మనకు తెలిస్తే దీన్నెందుకు అడగతాం?” అని ధనంజయ దానికి సున్నా వేశాడు.

నందిని మునిరత్నమ్మ చేయి పట్టుకుంది. చల్లగా ఉంది. నుదురంతా చెమట. ఇక్కడి ఎర్రతేలు కుడితే నొప్పితో పోదు, గుండెకు ముప్పు.

“సార్, ఈమెను ఇంటికి పంపితే ప్రాణం పోతాది. ప్రాజోసిన్ మాత్ర ఇయ్యాల.”

“ఇచ్చుకో తల్లీ, ఎవరొద్దన్నారు. నేను చూసేది యాప్‌ని, ఆమెను గాదు.”

రోగి వింటుండగానే అన్నాడా మాట. నందిని ఆ మాత్ర వేసి, ఆమె కుదుటపడేదాకా మంచం వదల్లేదు.

మర్నాడు వార్డులోకి వెళ్ళేసరికి మంచం చుట్టూ సందడి. యాప్ కంపెనీవాడు ఫోటోలు తీస్తున్నాడు. మునిరత్నమ్మ ముందు ఆ మొదటి యాప్ ఉన్న ఫోను పెట్టి దణ్ణం పెట్టమన్నారు. పాపం, పెట్టింది. ఈ యాప్ వల్లనే ప్రాణం నిలిచిందని ధనంజయ పళ్ళికిలిస్తూ చెబుతున్నాడు. సిగ్గూ శరం వదిలేసిన మనిషికి కూడా తెల్లకోటు చక్కగానే నప్పుతుంది.

“సార్, అది ఇంటికి పంపమనింది” అంది నందిని అందరి ముందూ.

“మా జూనియర్. భయం ఎక్కువ” అని ధనంజయ కంపెనీవాడి భుజం మీద చేయి వేసి బయటికి నడిపించుకుపోయాడు. ఉమ్మేయాలనిపించింది నందినికి.

“డాక్టరమ్మా, ఈ ఫోను మా ఊరి క్లినిక్కుకు గూడా ఇస్తారంట” అంది మునిరత్నమ్మ సంబరంగా. “ఇంక తేలు కుట్టినా పుత్తూరు దాకా వచ్చే పని లేదంట గదా.”

“దాన్ని నమ్మొద్దు మా. నీకు మాత్ర ఇచ్చింది నేను. చేతులు సల్లబడితే, అదేం జెప్పినా సరే, నేరుగా ఈడికే రా.”

మునిరత్నమ్మ ఆమె వంక జాలిగా చూసి చేయి నిమిరింది.

“దిగులు పడొద్దు పాపా. ఫోనొచ్చినా నీ ఉద్యోగం యాడికీ పోదులే.”