కుర్చీ మీది స్వెటర్

విజయ ఆ ఖైదీ గది తలుపుకున్న చిన్న అద్దానికి నుదురు ఆనించి, లోపల దుప్పటి లేస్తోందా లేదా అని చూస్తోంది. లేచినట్టే ఉంది. ఏమో, తన ఊపిరికి అద్దం మసకబారిందేమో! వేలితో తట్టింది. దుప్పటి అంచులోంచి ఒక వేలు పైకి లేచింది. అప్పుడుగానీ ఆమె గుండె కుదుటపడలేదు.

ఇది సిరి పుట్టినప్పటి అలవాటు. పాప మరీ కదలకుండా నిద్రపోతే ముక్కు కింద వేలు పెట్టి చూసేది. సిరి హైస్కూలుకొచ్చినా సరే, ఈ పరాయి దేశంలో, పాపటోయిటోయి అనే పేటలోని ఇల్లు కదిలేముందు ఆ గదిలోకి తొంగిచూడందే కారు తాళం ముట్టుకోదు. "మమ్, ఐయామ్ అలైవ్!" అని దిండులోంచే విసుక్కుంటుంది పిల్ల. జైల్లో, ప్రాణం తీసుకుంటారేమోనని భయమున్న ఖైదీల వార్డుకు కాపలా వేశాక, ఆ భయమే విజయకు ఉద్యోగమైంది.

అది రెండువేల తొమ్మిది. జైళ్ళను కంపెనీల చేతికిచ్చే చట్టం వస్తోందన్నారు. ముందే ఖర్చు తగ్గించి చూపాలని కెమెరాలు పెట్టి, రెండు వార్డుల తెరలూ ఒక్క బల్ల మీదికి చేర్చారు. "కంపెనీకి మనిషంటే ఖర్చండీ. రేపు ఈ తలుపు దగ్గర ఎవరుంటారు?" అని మీటింగులో లేచి అడిగింది విజయ. నినాదం రాసిన అట్టముక్క పట్టుకుని రోడ్డు మీద నిలబడింది కూడా. దాని ఫలితం, ఈ మధ్యాహ్నం నుంచి ఆమెకు గేటు డ్యూటీ.

"ఎంతసేపు ఆంటీ! గేటు దగ్గర మీకోసం వెయిటింగ్ అక్కడ," అన్నాడు గౌతమ్. ఒంగోలు నుంచి చదువుకోడానికొచ్చి ఇక్కడే సెటిల్ అయినవాడు. ఇకనుంచి తెరల ముందు కూర్చునేది అతనే.

"నీకేం నాయనా, టీవీ చూసే ఉద్యోగం. ఈ గదిలో సియోనేని మాత్రం లేచెళ్ళి చూస్తుండు. పొద్దున్నుంచీ ముద్ద ముట్టలేదు."

"మీ సిరికి కూడా ఓ కెమెరా పెట్టించండి, పీడా పోతుంది!"

లోపల్నుంచి సియోనే గొంతు సన్నగా వినిపించింది. "మిస్, ఉన్నారా?"

వెళ్ళిపోతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "ఇక్కడే ఉన్నా," అంది ఇంగ్లీషులో. తన గోధుమరంగు స్వెటర్ విప్పి, అతనికి కనబడేలా, తలుపు బయట తను రోజూ కూర్చునే కుర్చీకి తొడిగింది. ఒక చెయ్యి జారి తలుపు వైపు వేలాడింది. వసారా చివరికెళ్ళి వెనక్కి చూసింది. అక్కడ తల వంచుకుని తనే కూర్చున్నట్టుంది.

గేటు దగ్గర సన్నటి వాన. స్వెటర్ లేని భుజాల మీద ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టుంది. గౌతమ్‌కు ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తి, మళ్ళీ నవ్వుతాడని పెట్టేసింది.

చీకటి పడకముందే అంబులెన్సు వచ్చింది. సైరన్ లేదు, తొందరా లేదు. గేటు తీసింది విజయే. ఎవరికని అడగలేదు.

గౌతమ్ వానలోనే నడుచుకుంటూ వచ్చాడు.

"మీరు మొండికేసి గేటుకు రాలేదనుకున్నా ఆంటీ. స్క్రీన్‌లో కనబడుతూనే ఉన్నారు. ఆ తలుపు వైపే చూస్తూ... మీరుండగా నేనెందుకులే అని రెండో వార్డు తెరలే చూస్తూ కూర్చున్నా."

విజయ తనకు తెలియకుండానే తన ముక్కు కింద వేలు పెట్టుకుంది. తర్వాత లోపలికి నడిచి, బల్ల ముందు నిలబడింది.

తెర మీద సియోనే ఖాళీ గది తలుపు బార్లా తెరిచి ఉంది. బయట కుర్చీలో స్వెటర్ అలాగే కూర్చుని ఉంది, ఒక చెయ్యి తలుపు వైపు చాచి.