గుటక పడేదాకా

నేను ఒక వెదురుగొట్టాన్ని. మూరెడుకు కాస్త తక్కువ పొడవుంటాను. ఒక చివర కణుపుతో మూసి ఉంటుంది, రెండో చివర ఏటవాలుగా కోసి ఉంటుంది. పశువుకు జబ్బు చేస్తే మందు నాలో నింపి దాని నోట్లో పోస్తారు. మిగతా రోజుల్లో పాకచూరుకు వేలాడుతుంటాను. అందుకే ఈ ఇంట్లో నన్ను చూసి సంతోషించినవాళ్లెవరూ లేరు.

నన్ను కోసినవాడు ఇంటిపెద్ద కోటిలింగం. కాలవగట్టున పది బొంగులు తట్టి చూసి నన్ను ఎంచుకున్నాడు. ఊళ్లో ఎవరి పశువుకు మందు పోయాలన్నా ఆయన్నే పిలిచేవారు. ఆయన వెంట నేనూ వెళ్లేదాన్ని. పశువు తల ఆకాశానికెత్తి, నాలుక బయటికి లాగి పట్టుకుని, నన్ను గొంతుదాకా దూర్చి ఒక్క ఊపులో కుమ్మరించేవాడు. చూసేవాళ్లకు అది గొప్ప నేర్పుగా కనిపించేది. కానీ నాలుక కదలకపోతే గుటక పడదు. గుటక పడకపోతే మందు ఊపిరితిత్తుల దారి పడుతుంది. కిందటేడు ఈ ఇంటి పెయ్యదూడ అలాగే దగ్గి దగ్గి మూడో రోజుకు పోయింది. దిష్టి తగిలిందన్నారు. మనుషులకు దిష్టి చాలా సదుపాయమైన జబ్బు, దానికి ఇంట్లో ఎవరూ బాధ్యులు కానక్కర్లేదు. ఆలస్యంగా వచ్చిన పశువుల డాక్టరు అసలు సంగతి కోడలు తాయారుకు మాత్రం చెప్పి వెళ్లాడు. ఆమె మామగారి మొహం చూసి ఆ మాట మింగేసింది.

ఈ ఏడు వరికోతలయ్యాక చేలో పచ్చిమేతకు చల్లిన పిల్లిపెసర మోకాలెత్తు పెరిగింది. ఖాళీ కడుపుతో, మంచు తడి మీద అది మేస్తే పశువుకు పొట్ట ఉబ్బుతుంది. అందుకే తాయారు రోజూ గేదెకు ముందు చంకెడు ఎండుగడ్డి వేసి, మంచు ఆరాకే చేలోకి తోలేది. ఆ రోజు ఆమె పిండిమరకు వెళ్లింది. మొగుడు బసవయ్య పెందలాడే పలుపు విప్పాడు.

"పచ్చిమేత అంతుంటే ఈ ఎండు పరకలు కొరకడం నీకేం ఖర్మే!" అని గేదెతో పరాచికాలాడుతూ తోలుకుపోయాడు.

తాయారు తిరిగొచ్చేసరికి గేదె పాక ముందు కాళ్లు ఎడం పెట్టి నిలబడి ఉంది. ఎడమ డొక్క వెన్నుపూస దాటి పైకి లేచింది. మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. తొమ్మిది నెలల చూడి. వాళ్లకున్నది ఆ ఒక్క గేదే. డాక్టరుకు ఫోన్ చేస్తే పక్కూళ్లో ఉన్నానని, గంట పడుతుందని, ఈలోగా నూనె పట్టించమని చెప్పాడు.

"గంటసేపు ఆగేట్టు లేదండీ ఇది," అంది తాయారు ఫోన్లో.

నన్ను చూరు నుంచి తీసి నువ్వులనూనె నింపారు. కోటిలింగం అలవాటు ప్రకారం నన్ను అందుకుని ముందుకొచ్చాడు.

"ఒరే బసవా, తలెత్తరా! ఇంకా పైకి! ఆఁ, నాలిక దొరికింది."

"నాలిక వదలండి మావయ్యా," అంది తాయారు.

"ఏంటీ?"

"వదలండి. తల దించండి."

"నలభై ఏళ్లబట్టీ పోస్తున్నా మందు. నువ్వు నేర్పుతావా నాకు?"

"మన పెయ్యకి దిష్టి తగల్లేదు మావయ్యా. మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరుగారే నాతో చెప్పారు."

కోటిలింగం వేళ్లు నాలుక మీదే ఉన్నాయి. నాలో నూనె అంచుదాకా ఉంది. ఆయన మణికట్టు కాస్త వంచితే చాలు.

"నాన్నా, వదులు," అన్నాడు బసవయ్య, కళ్లెత్తకుండా.

ముందు ఆయన చూపు దిగిపోయింది. తర్వాత వేళ్లు సడలాయి.

తాయారు నన్ను అందుకుని గేదె నోటి పక్కగా, దవడ సందులోంచి పెట్టింది. కొంచెం పోసి ఆగింది. గుటక పడింది. మళ్లీ కొంచెం. రెండు గొట్టాల నూనె అలా దిగింది. మూడోసారి గేదె దవడ బిగించడంతో నేను నిలువునా చిట్లాను. నూనె కారిపోతుంటే ఆమె చీలిక మీద అరచెయ్యి అదిమి మిగిలింది పోసింది. గేదె దగ్గింది. ఆమె చటుక్కున నన్ను లాగేసి, దాని తల పూర్తిగా కిందికి వదిలించింది. మరో దగ్గు. ముగ్గురూ మూడో దగ్గు కోసం బిగుసుకుపోయారు. అది రాలేదు.

గేదె ముంగాళ్లు మెరక మీదికి ఎక్కించి డొక్క రుద్దుతూ నిలబడ్డారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఎంతసేపటికో దాని లోపల్నుంచి ఒక పెద్ద త్రేన్పు వచ్చింది. అంత కంపు కోసం మనుషులు అంతగా ఎదురుచూడటం నేనెన్నడూ ఎరగను. బసవయ్య పేడలోనే చతికిలబడ్డాడు.

"ఇంకోసారి గడ్డి వెయ్యకుండా దీన్ని విప్పావంటే బావా, దీని పలుపుతో నిన్ను కట్టేస్తా," అంది తాయారు.

చిట్లిన నన్ను వంటచెరకు కుప్ప మీద పడేశారు. అక్కణ్ణుంచి పాక కనిపిస్తుంది. మూడో రోజు కోటిలింగం కొత్త బొంగు ముందేసుకుని చెక్కుతున్నాడు. కోడలు పేడ ఎత్తుతోంది.

"తల ఎంతెత్తు ఉంచాలన్నావమ్మాయ్?" అన్నాడాయన, బొంగు మీంచి కళ్లు తియ్యకుండా.

"మూతి కంటిని దాటి పైకి పోకూడదు మావయ్యా."

"ఊఁ." బొంగు అంచు ఇంకాస్త గీకి, "గుటక పడ్డట్టు ఎట్టా తెలుస్తది?"

తాయారు తట్ట దించింది. ఆయన్ను గేదె దగ్గరికి రమ్మని, గొంతు కింద చెయ్యి పెట్టి చూడమంది. గేదె తాపీగా నెమరు వేస్తోంది. ఆయన వేళ్ల కింద గుటక జారి దిగింది కాబోలు, ఇంకాస్త దగ్గరికి వంగాడు. తాయారు తట్ట ఎత్తుకుని వెళ్లిపోయాక కూడా ఆయన చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.