సున్నం గీత చివర

మా మనవరాలిని అందరూ బొంగరం అంటారు. ఎనిమిదేళ్లది. కూర్చోమంటే కూర్చుంటుంది గాని కాళ్లు కూర్చోవు. మాట చెవిలో పడేలోపే కిటికీ అవతల ఏదో ఒకటి పిలుస్తుంది. ధ్యాస నిలవని పిల్ల, రోజూ ఒళ్లు అలిసేలా ఆడించండి అన్నారు డాక్టరుగారు.

నేను బడి మైదానంలో గీతలు వేసేవాణ్ణి. చక్రాలు బిగించిన సున్నం బండి తోసుకుంటూ పోతే వెనకాల తెల్లగీత పడుతుంది. పొద్దున్నే బొంగరం చేత తోయించేవాణ్ణి. తోసిన రోజు లెక్కలు కుదురుగా చేసేది. టీచరమ్మ నమ్మలేదు.

"పరిగెత్తిస్తే ఇంకా రేగుతుంది తాతగారూ. పోయినసారి సగం పేపరు వదిలేసింది. శుక్రవారం పదింటికి మళ్లీ పెడతాను. ఈసారీ వదిలితే కింది తరగతికే."

ఆ శుక్రవారమే పరుగు పోటీ. గీత వంకర పోకుండా తాడు కట్టి ముప్పాతిక మైదానం గీయించాను. ఆఖరి మలుపుకు కట్టలేదు. ఇన్నాళ్లుగా తోస్తోంది కదా, కంటి కొలత వచ్చేసి ఉంటుందనుకున్నాను.

"గంట కొట్టగానే ఉన్నపళంగా క్లాసుకు పో," అని చెప్పి జెండాలు పాతడానికి వెళ్లాను. అదీ నా తెలివి.

తిరిగొచ్చేసరికి బొంగరమూ లేదు, బండీ లేదు. గీత మాత్రం ఉంది. మలుపు దగ్గర ఓ కుక్కపిల్ల అడుగుల వెంట పడి, చేతిపంపు చుట్టూ మూడుసార్లు, హెడ్మాస్టరుగారి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, ఎటో పోయింది. టైము పదీ ఇరవై. పరీక్ష ఎగ్గొట్టేసిందనుకున్నాను. గీత పట్టుకుని పరుగందుకున్నాను.

వెనక పోటీ ఈల మోగింది. ఆటల మాస్టారు పిల్లలకు నేర్పింది ఒకటే: తెల్లగీత వదిలితే ఔట్. నలభై మందిలో ఒక్కరూ వదల్లేదు. పంపు చుట్టూ మూడు, కారు చుట్టూ రెండు.

కారులో ఉన్న హెడ్మాస్టరుగారు తల బయటపెట్టారు. "ఎటురా పోతున్నారు? నాకు కళ్లు తిరుగుతున్నాయి!"

"గీత ఇటే ఉంది సార్!"

ఓ పిల్ల నన్ను అందుకుంది. "తాతా, నువ్వూ పోటీలో ఉన్నావా?"

"లేనమ్మా."

"మరి గీత మీదెందుకు? జరుగు!"

గీత వరండా ఎక్కింది. మూడో తరగతి గుమ్మం దాటింది. మొదటి బెంచీ దగ్గర ఆగింది. పక్కన బండి. బెంచీ మీద బొంగరం, మోకాళ్ల దాకా సున్నం. రాస్తోంది.

నోరు తెరవబోయాను. టీచరమ్మ పెదాల మీద వేలు పెట్టింది. ఇంతలో నలభై మందీ లోపలికొచ్చి ఒకరి మీద ఒకరు పడ్డారు. కుక్కపిల్ల కూడా వచ్చింది. బొంగరం తలెత్తలేదు. ఆఖరి లెక్క ముగించి, పేపరు టీచరమ్మ చేతికిచ్చి, అప్పుడు చూసింది.

"అందరూ ఎందుకొచ్చారు?"

టీచరమ్మ పేపరు వెనక ముఖం దాచుకుంది. నవ్వుకు భుజాలు ఊగిపోతున్నాయి. "గంట కొట్టగానే బండితో సహా వచ్చేసింది తాతగారూ. ఒక్కటీ వదల్లేదు."

ఆటల మాస్టారు రొప్పుతూ వచ్చాడు. "ఫస్టు ఎవరు? ముందొచ్చిందెవరు?"

"మా క్లాసు పిల్లే," అంది టీచరమ్మ. "ఇక్కడే ఉంటుంది కూడా." తర్వాత నా వైపు తిరిగింది. "రేపట్నించి లెక్కలకు ముందు బండి ఇవ్వండి. తాడు మాత్రం కట్టండి బాబూ!"