రుస్తెం చేతిరాత

ఆ పోస్టర్ అచ్చు వేసింది నేనే. కాబట్టి పాపంలో సగం నాది. అందుకు నాకేమీ బాధ లేదు.

బొగ్గు గనుల ఊరు కరగందలో మా ప్రింటింగ్ షాపులో డిజైన్లు తోగ్జాన్ చేసేది, మిషను నేను చూసుకునేదాన్ని. నాలుగేళ్ల కిందటి వరకు ఆ పిల్ల 'పొగగొట్టం' అనే బ్యాండులో పాటలు రాసి పాడేది. పెద్ద నగరం అల్మాతీ నుంచి ఒక రికార్డింగ్ కంపెనీ కబురు పెట్టగానే, గిటారు వాయించే రుస్తెం ఆమెను రిహార్సల్ గదిలోనే ఒక మూలకు పిలిచి, "నీ గొంతు ఈ ఊరికి సరిపోతుంది, బయటికి పనికిరాదు" అని బ్యాండులోంచి పొమ్మన్నాడట. నెల తిరక్కుండా ఆమె రాసిన ఏడు పాటలు అతని పేరుతో బయటికొచ్చాయి. ఈ సంగతి నాతో ఒక్కసారే చెప్పింది, టీ తాగుతూ, పక్కింటివాళ్ల తగువు చెప్పినట్టు.

మొన్న మార్చిలో రుస్తెం షాపుకే వచ్చాడు. గనివాళ్ల క్లబ్బులో కచేరీ ఉందట, పోస్టర్ కావాలట.

"పాతవేమీ మనసులో పెట్టుకోలేదు కదా తోగ్జాన్?"

"ఎలా కావాలో చెప్పు."

"మురికిగా ఉండాలి. చిరిగిన కాగితం, తుప్పు, గీతలు. మధ్యలో నా మొహం. మురికి సంగతి నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. నీకు తగ్గట్టే చేస్తాను."

మూడు రోజులు కూర్చుంది. తెల్లకాగితం మీద బొగ్గుపొడి చల్లి స్కాన్ చేసింది. తను ఉండే ఇంటి మెట్ల దగ్గర పెచ్చులూడిన గోడను, తుప్పు పట్టిన గేటును ఫొటోలు తీసి తెచ్చింది. కంప్యూటర్లో రుస్తెం ఫొటోకి రంగులన్నీ పిండేసి, నలుపు పెంచి, బుగ్గలు గుంటలు పడేదాకా నీడలు దింపింది. దానిమీద ఆ బొగ్గును, గోడను, తుప్పును పొర తర్వాత పొరగా పరిచింది.

"ఎంత శ్రద్ధే నీకు వాడంటే" అన్నాను.

"కోపంగా ఉన్నప్పుడే నాకు చెయ్యి వణకదు ఉల్జాన్ అక్కా."

ఫైలు నా దగ్గరికొచ్చాక, అచ్చుకు ముందు పెద్దది చేసి చూశాను. నుదుటి మీద, చెంప మీద ఉన్నవి గీతలు కావు. అక్షరాలు.

"తోగ్జాన్, రెండో చరణం కూడా నువ్వే రాసిపెట్టు. నేను కూర్చుంటే కాగితాలు చించడమే తప్ప ఒక్క ముక్కా రావడం లేదు. పాట నీదేనని అందరికీ నేనే చెప్తాను. రుస్తెం." కింద తేదీ.

అతని పాత ఉత్తరం. కాగితం తెలుపు మాయమై సిరా మాత్రమే మిగిలేలా చేసి, అతని మొహం మీదే పరిచింది.

"వాడు చూడలేదా?"

"ఫోనుకు పంపాను. అంత చిన్న తెరమీద అవి గీతలే. 'అదిరింది, వేసెయ్' అన్నాడు. గోడ మీద నిలువెత్తున ఉంటుంది కదా, అప్పుడు చదువుకోవచ్చు."

"నీ ఉద్యోగం పోతుందే."

"పోనీ. నువ్వు మాత్రం చూడలేదని చెప్పు."

నేను మిషను ఆన్ చేశాను.

సోమవారం పోస్టర్లు గోడలెక్కాయి. బుధవారానికి ఒక కాలేజీ అమ్మాయి బస్టాపులో నిలబడి ఆ ఉత్తరాన్ని గట్టిగా చదివి వీడియో పెట్టింది. గురువారానికి ఊరంతా చదివింది. రుస్తెం మనుషులు కొన్ని చింపారు, చింపినకొద్దీ జనం ఇంకా వెతుక్కుంటూ వెళ్లారు.

శనివారం కచేరీకి మేమిద్దరం వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాం. అతను ఆమె రాసిన పాట ఒకటి ఎత్తుకోగానే ముందు వరసలోంచి ఎవరో అడిగారు, "రెండో చరణం ఎవరిదన్నా?" అతను విననట్టు పాడాడు. ఈసారి పదిమంది అడిగారు. బేసు గిటారు వాయించే బొలాత్ వాయించడం ఆపి, మైకు దగ్గరికొచ్చి, "రెండోదే కాదు, మొదటిదీ తోగ్జాన్‌దే" అన్నాడు. హాలంతా ఈలలు. రుస్తెం గిటారు అక్కడే పడేసి వెళ్లిపోయాడు.

"పద, పోదాం" అన్నాను.

"ఉండక్కా. వాడు బయటికొచ్చేటప్పుడు మొహం చూడాలి."

చూసింది. కళ్లు తిప్పకుండా చూసింది.

సోమవారం పొద్దున్నే రుస్తెం షాపులోకి వచ్చాడు.

"కేసు వేస్తాను నీమీద."

"వెయ్యి. ఆ రాత నీది కాదని కోర్టులో చెప్పు."

అతను తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మా అమ్మ ఆ పోస్టర్ బజారు దగ్గర చదివింది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు."

తోగ్జాన్ వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. రెండేళ్లపాటు వాళ్లింటికి రిహార్సళ్లకు వెళ్లినప్పుడల్లా ఆ తల్లే ఆమెకు అన్నం పెట్టింది.

"ఆవిడకి నేనొచ్చి క్షమాపణ చెప్పుకుంటాను. నీకు చెప్పను" అంది.

మా యజమాని రెండు రోజులు అరిచి ఊరుకున్నాడు. ఆ వారాంతంలో బొలాత్ యాపిల్ పళ్ల సంచీతో వచ్చాడు.

"రుస్తెం ఇక బ్యాండులో లేడు. నువ్వొచ్చి పాడు, తోగ్జాన్. మనం మళ్లీ మొదలుపెడదాం."

"ఆ రోజు నన్ను పొమ్మన్నప్పుడు నువ్వెక్కడున్నావు బొలాత్?"

"అక్కడే ఉన్నాను."

"గిటారు తీగలు బిగించుకుంటున్నావు. నాలుగేళ్లు బిగించుకుంటూనే ఉన్నావు." సంచీని అతని వైపు జరిపింది. "పళ్లు తీసుకుపో."

అతను వెళ్లాక, "మైకు ముందు నిజం చెప్పాడు కదే పాపం" అన్నాను.

"హాలంతా అడిగాక చెప్పాడు" అంది, తల ఎత్తకుండానే.